పగిలిన చెంబుకు పుట్టిల్లు

ఆవర్తపురం కోటగుమ్మం ముందు నిలబడేసరికి కింకిణి తలపాగా తడిసి చెవుల మీదికి జారిపోయింది. వెనక కత్తులనది హోరుమంటోంది. ఆ నదిలోని మొసలి ఆమె దుప్పటిని ఇంకా నములుతూనే ఉంది. దుప్పటి పోతే పోయింది, ప్రాణం దక్కింది. మొసలి కోరలకూ ఆమె మెడకూ నడుమ అడ్డుపడిన రాగిచెంబు మాత్రం అడుగున చీలి, లోపలి నీళ్ళను బొట్టుబొట్టుగా కారుస్తోంది.

కింకిణి నవ్యగిరి రాజ్యంలో కంచరి గుణాచారికి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేదు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు కాళ్ళు వణుకుతాయి. అలాంటి పిల్ల మగవేషం వేసుకొని, కిన్నరయ్య అని పేరు మార్చుకొని, మొసళ్ళ నోట పడి పరాయి రాజ్యానికి రావలసి వచ్చింది. దానికి కారణం ఒక చిన్న మాటు.

నవ్యగిరిలో చిల్లుపడిన గిన్నెకు మాటు వేసి అతకడం నేరం. గిన్నె సొట్టపోయినా, చీర చిరిగినా, మంచం కోడు విరిగినా, దాన్ని ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరేసి, తిరిగి చూడకుండా నడిచిపోవాలి. చూస్తే దరిద్రం మెడకు చుట్టుకుంటుందని మాంత్రికుడు భస్మకుడు చాటించాడు. విసిరినవన్నీ భటులు ఏరి మింగుడులోయలో పోస్తారు. కొత్తవన్నీ భస్మకుడి కొండ నుంచి దిగుతాయి. అలాంటి రాజ్యంలో గుణాచారి ఒక ముసలమ్మ కన్నీళ్ళు చూడలేక ఆమె గంజిగిన్నెకు మాటు వేశాడు. తలుపు సందులోంచి ఎవరో చూశారు. అమావాస్య పొద్దున గుణాచారిని కూడా అదే లోయలోకి తోసేయాలని తీర్పు వచ్చింది.

కింకిణి సభలో రాజు కాళ్ళ మీద పడింది. రాజుకు జాలి కలిగింది కానీ భస్మకుడి కళ్ళలోకి చూసే ధైర్యం కలగలేదు. భస్మకుడే నవ్వాడు.

"పిల్లా, ఆవర్తపురం వాళ్ళు ఒకప్పుడు మనకంటే ఎక్కువ పారేసేవాళ్ళు. ఇప్పుడు చీపురుపుల్ల కూడా పారేయరట. ఏ కారణం వాళ్ళను అలా తిప్పేసిందో కనుక్కొని రా. ఒకే ఒక్క కారణం. నిజం చెప్పావా, నీ తండ్రి నీవాడు. తప్పు చెప్పావా, లోయవాడు."

ఇప్పుడు అమావాస్య ఎల్లుండికి వచ్చింది.

"ఆగవోయ్! ఎన్నో జన్మ?" అని గద్దించాడు గుమ్మంలోని కావలివాడు. అతని పేరు దుబ్బన్న. మనిషి ధాన్యపు గాదెలా ఉన్నాడు.

కింకిణి తడబడింది. "నాకు తెలియదండీ. జాతకం చూపించుకోలేదు."

"నీది ఎవడికి కావాలోయ్! నీ పంచె ఎన్నో జన్మ అంటున్నా."

"పంచెకు జన్మలేమిటండీ?"

"వచ్చాడయ్యా నది అవతలివాడు!" అంటూ దుబ్బన్న తన తలపాగా తట్టి చూపించాడు. "ఇది మొదట మా నాయనమ్మ పెళ్ళిచీర. తర్వాత మా అక్కకు ఉయ్యాల. ఆ తర్వాత పల్లకీ తెర. ఇప్పుడు నా తల మీద రాజ్యమేలుతోంది. నీ పంచె సంగతి చెప్పు."

"ఇదే మొదటిదండీ."

"అయ్యో, పసిగుడ్డు!" అని దుబ్బన్న పంచె వైపు జాలిగా చూశాడు. "జాగ్రత్త, అంచు చిరగనీయకు. కాళ్ళకు చెప్పులేవి?"

"మొసలి మింగిందండీ."

దుబ్బన్న నిట్టూర్చి, గోడకు వేలాడుతున్న చెప్పుల జత ఒకటి తీసి ఇచ్చాడు. అట్ట మీద అట్ట, దాని మీద మరో అట్ట వేసి కుట్టిన చెప్పులు. వేసుకొని నడిస్తే పిల్లి నడిచినట్టుంది. అడుగు చప్పుడే లేదు.

కింకిణి వచ్చిన పని అడిగింది. "అయ్యా, మీ ఊరు ఇట్లా మారడానికి కారణం ఏమిటండీ?"

"కారణమా? రాణిగారి చట్టం. ఇంకేం కావాలి? చట్టం లేకపోతే ఈ పాటికి నేనే అన్నీ పారేద్దును."

ఆహా, ఎంత సులువుగా దొరికింది అనుకొని కింకిణి ఊళ్ళోకి అడుగు పెట్టింది.

ఆ ఊరు చూడడానికి కళ్ళు చాలవు. కోటగోడలు అరిగిపోయిన తిరగళ్ళతో కట్టినవి. గోపురాలకు పగిలిన గాజుల ముక్కలు తాపడం చేశారు. పొద్దు తిరిగినకొద్దీ అవి పచ్చగా, ఎర్రగా, నెమలికంఠం రంగుగా మెరుస్తూ వీధులన్నిటి మీదా రంగులు చల్లుతున్నాయి. తలుపులు పాత పడవల చెక్కలు. వాటిని తెరిస్తే ఇంకా నది వాసన వస్తుంది. మేడల మీద నుంచి వేలాడే తెరలు వంద చీరల బొంతలు. ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క పెళ్ళి, ఒక్కొక్క పేరంటం దాగి ఉన్నాయి. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటున్నారు. ఏమిటా అని చూస్తే, ఒకామె బిందెది అయిదో జన్మ, ఇంకొకామెది ఆరో జన్మ. ఆరో జన్మ బిందె ఉన్నామె మెడ నెమలి మెడలా సాగి ఉంది.

బావి దగ్గర కింకిణి మెల్లగా అడిగింది. "అమ్మా, మీ ఊరు చట్టం వల్లే మారిందటగా?"

నీళ్ళు తోడే ఆడవాళ్ళందరూ ఒక్కసారి పకపకా నవ్వారు.

"ఎవరు చెప్పారు, దుబ్బన్నేనా? చట్టం వచ్చాక కూడా గోడ అవతల పారేసి దొరికిపోయింది వాడి నాన్నే!"

"వాసన నాయనా, వాసన!" అంది ఒక పెద్దామె ముక్కు మూసుకొని. "చెత్తగుట్ట పెరిగి పెరిగి ఈ బావి గట్టుకు ఆనుకుంది. అన్నం నోట్లో పెట్టుకుంటే గుట్టే గుర్తొచ్చేది. అందుకే మానుకున్నాం."

కింకిణి బుర్ర గోక్కుంది. చట్టమా, వాసనా?

సత్రం అరుగు మీద తాళపత్రాలు ముందు వేసుకొని ఒక పండితుడు కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి, కిర్రుకిర్రుమని చెప్పులు చప్పుడు చేసుకుంటూ ఎదురొచ్చాడు.

"వాసనకు లోకం మారుతుందా కుర్రవాడా? గని! రాగి గని ఎండిపోయింది. లేనిది పారేయలేరు కాబట్టి మానుకున్నారు. ఇదే కారణం. ఇంకెవరినీ అడగకు."

కింకిణి దండం పెట్టి అంగడివీధిలోకి వచ్చింది. అక్కడ ఒక వర్తకుడు కిర్రుకిర్రుమంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"గని అన్నాడా ఆ పండితుడు? పచ్చి అబద్ధం! గని ఎండితే పొరుగూరు నుంచి కొనుక్కోలేరా? లాభం బాబూ, లాభం. పాతదాన్ని కరిగిస్తే ఖర్చు తక్కువని మా వర్తకులు కనిపెట్టారు. అదొక్కటే కారణం."

ఇంకొక మలుపులో జడలు కట్టిన బైరాగి త్రిశూలం నేలకేసి కొట్టాడు. చెప్పులు కిర్రుమన్నాయి.

"లాభమా! శివశివా! భయంరా అబ్బీ! పారేసిన వస్తువులు భూతాలై లేచి వచ్చాయి. ఆ భయంతో మారారు. తక్కినవాళ్ళ మాటలు నమ్మావా, నీ వాళ్ళు బతకరు!"

చట్టం, వాసన, గని, లాభం, భయం. అంగడి నడివీధిలో నిలబడిపోయింది కింకిణి. ఎండ నడినెత్తికి వచ్చింది. గొంతు ఎండిపోయింది. చెంబు ఎత్తి తాగబోతే లోపల చుక్క నీరు లేదు. అడుగున చీలిక ఇంకా పెద్దదై నోరు తెరుచుకొని ఉంది.

ఆమె చెయ్యి తనంత తానే లేచింది. చెంబును ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరింది. తిరిగి చూడకుండా ముందుకు నడిచింది. చెయ్యి పని చేశాక గానీ మనసు మేలుకోలేదు. అయ్యో, అది నాన్న చేసిన చెంబు!

వెనక ఖంగుమని మోగింది. ఆ వెంటనే అంగడంతా మూగబోయింది. బేరాలు ఆగాయి. త్రాసులు గాలిలో ఆగాయి.

"పారేశాడు!" అని ఎవరో అరిచారు, పసిబిడ్డను బావిలో పడేసినట్టు గొంతు చించుకొని.

"అయ్యో తల్లీ! దెబ్బ తగిలిందా?" అంటూ ఒక ముసలామె పరుగెత్తుకొచ్చింది. కింకిణి తనకేమీ కాలేదని చెప్పబోయింది. ముసలామె ఆమెను దాటుకొని పోయి, అటుగా వస్తున్న పల్లకీలో పడిన చెంబు వీపు నిమిరింది.

ఆ పల్లకీలో ఉన్నది ఆవర్తపురం మహారాణి శైవలిని.

*

సభలో కింకిణి తల ఎత్తలేదు. ఎదుట మెత్తటి పీట మీద చెంబు కూర్చుంది. దానికి ఎవరో చందనం బొట్టు కూడా పెట్టారు. నిందితురాలికి కూర్చోవడానికి చాప కూడా లేదు.

రాణి శైవలిని నడివయసు మనిషి. ఆమె కిరీటం మూడు పాత కిరీటాల ముక్కలు అతికి చేసింది. అది ఒక పక్కకు ఒరిగి ఉంటే మాటిమాటికీ సర్దుకుంటోంది.

"కుర్రవాడా, భయపడకు. నిన్ను నేనేమీ చేయను," అంది రాణి. "మా చట్టం వాడినవాడి జోలికి పోదు. ఈ చెంబు పుట్టిల్లు ఎక్కడో అదొక్కటి చెప్పు."

"చెంబుకు పుట్టిల్లా అమ్మా?"

"ఎవరు చేస్తే వాళ్ళదే పుట్టిల్లు. వాడుకున్న ఇల్లు మెట్టినిల్లు. విరిగినదాన్ని పుట్టింటికి చేర్చాలి. వాళ్ళే దాన్ని బాగుచేసుకోవాలి, లేదా కరిగించి కొత్త జన్మ ఇవ్వాలి. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. దారిలో అడ్డం వచ్చినవాడు మహారాజైనా సరే, నా సైన్యం వెంట నడుస్తుంది. పొరుగు రాజ్యాలు ఏడూ ఈ మాటకు ఒప్పుకొని కత్తి మీద చెయ్యేసి ప్రమాణం చేశాయి."

ఆమెను సభకు పట్టుకొచ్చిన దుబ్బన్న చెంబు మెడ లోపలికి తొంగిచూసి, "ఇక్కడ చేప గుర్తు కొట్టి ఉంది తల్లీ. సుత్తి మొనతో కొట్టిన గుర్తు," అన్నాడు.

"అది మా..." కింకిణి నాలుక కరుచుకుంది. "అది నవ్యగిరి కంచరి గుణాచారి గుర్తు. ఆయన్ని అమావాస్య పొద్దున లోయలోకి తోసేస్తారు."

తర్వాత ఆమె తడబడుతూనే అంతా చెప్పింది, తాను కూతురినన్న మాట తప్ప. చివరికి చేతులు జోడించి, "మీ ఊరు ఎందుకు మారిందో ఆ ఒక్క కారణం మీరైనా చెప్పండమ్మా. ఊరంతా తిరిగాను. ఒకరు చెప్పింది ఒకరు కాదన్నారు. నాకు పిచ్చెక్కేట్టుంది," అంది.

రాణి కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకప్పుడు నీ ఈడు. రాగి గని ఎండింది. ఎవరైనా ఆగారనుకున్నావా? పొరుగు గనులు కొన్నారు. గుట్ట బావి దాకా వచ్చింది. బావి మార్చారు. పారేయరాదని మా అమ్మ దండోరా వేయించింది. గోడ దూకి పారేశారు. పాపమని బైరాగులు చెప్పారు. దండం పెట్టుకొని మరీ పారేశారు. చివరికి మా అమ్మ విసిగిపోయి, 'మీకో దండం, వాడినవాళ్ళను ఇక ఏమీ అనను, విరిగినదాన్ని చేసినవాడి వాకిట్లో దింపి రండి' అంది."

"కంచరులు ఊరుకున్నారా?"

"ఎందుకు ఊరుకుంటారు? కోట ముందుకొచ్చి తిట్టని తిట్టు లేదు. కానీ ఇళ్ళకు తిరిగి వెళ్తే వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు. అప్పుడు మొదలుపెట్టారు, ఊడని పిడి ఎట్లా బిగించాలి, అరిగిన అడుగును తీసి వేరే అడుగు ఎట్లా వేయాలి అని. గనిలో రాగి లేదు గనుక వాకిట్లో రాగి బంగారమైంది. దానికి వర్తకుడు ఎగబడ్డాడు. మా బిందెది ఆరో జన్మ అని ఆడవాళ్ళు గొప్పలు మొదలుపెట్టారు. గుట్ట కరిగింది. వాసన పోయింది. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏది కారణం?"

"అన్నీనా అమ్మా?"

"ఏమో నాయనా. బండి ఊరు చేరాక ఏ చక్రం తెచ్చిందని అడిగితే ఏం చెప్తాం? చేసినవాడి వాకిలి మాట రాకముందు తక్కినవన్నీ ఉన్నా బండి కదల్లేదు. తక్కినవి లేకపోతే వాకిలి ఒక్కటీ ఏం చేసేదో నాకు తెలియదు."

కింకిణికి ఏడుపొచ్చింది. భస్మకుడు అడిగింది ఒకే ఒక్క కారణం. రాణి చెప్పింది ఒక్కటిగా విడదీయడానికి రావడం లేదు. బొంతలోంచి ఒక దారం లాగితే బొంతంతా వచ్చినట్టు వస్తోంది.

ఆ సమయంలో సభాద్వారం దగ్గర అలికిడి అయింది. నవ్యగిరి నుంచి దూత వచ్చాడని చెప్పారు. జరీ అంగరఖా వేసుకున్న పొడుగాటి మనిషి ఒకడు నడిచివచ్చాడు.

"కిన్నరయ్యా, గడువు దగ్గరపడింది," అన్నాడు దూత. "నీ జవాబు ఇక్కడే చెప్పు, నేను మోసుకుపోతాను. గనా? లాభమా? భయమా? తొందరగా ఒక్కటి చెప్పు!"

కింకిణి నోరు తెరిచింది. వెంటనే మూసేసింది. ఆ మూడు మాటలే ఎందుకు అడిగాడు? చట్టమా అనలేదేం? వాసనా అనలేదేం?

దుబ్బన్న మాత్రం చెవి రిక్కించి నేల వైపు చూస్తున్నాడు.

"ఏమిటా చప్పుడు? కిర్రుకిర్రుమని? మా ఊళ్ళో కీచురాయి కూడా అంత గట్టిగా అరవదే!"

దూత టక్కున ఆగాడు. అతనితోపాటే ఆ చప్పుడూ ఆగింది.

కింకిణి దూత చెప్పుల వైపు చూసింది. పండితుడి కాళ్ళ దగ్గర కిర్రు. వర్తకుడి కాళ్ళ దగ్గర కిర్రు. బైరాగి కాళ్ళ దగ్గర కిర్రు. పుట్టినప్పటి నుంచీ అందరి చెప్పులూ కిర్రుమనే ఊళ్ళో పెరిగిన పిల్ల. గాలి చప్పుడు పట్టించుకోనట్టే దాన్నీ పట్టించుకోలేదు. మూడు అతుకుల చెప్పులతో ఊరంతా పిల్లుల్లా నడుస్తుంటే, ఆ మూడు జతలు మాత్రం సరికొత్తవి!

"అమ్మా! వీడు దూత కాదు! ముగ్గురూ వీడే!" అని అరిచింది.

దూత నవ్వాడు. నవ్వుతుంటే జరీ అంగరఖా బూడిదై రాలింది. లోపలి నుంచి గద్దముక్కూ నిప్పుకణాల కళ్ళూ ఉన్న భస్మకుడు బయటపడ్డాడు.

"తెలివితేటలున్నాయే! కానీ ఏం లాభం? నీ జవాబును తూచేవాణ్ణి నేనే. గని అంటే లాభం అనేవాణ్ణి. లాభం అంటే భయం అనేవాణ్ణి. ఒక్క కారణంతో ఏ రాజ్యమూ తిరగదని నాకు తెలియదా? అందుకే కదా ఒక్కటే అడిగాను!"

భటులు ఈటెలు విసిరారు. భస్మకుడు సుడిగాలిగా మారాడు. ఈటెలు ఆ గాలిలో గడ్డిపరకల్లా తిరిగాయి. తెరలు చిరిగాయి. దుబ్బన్న తలపాగా విడిపోయి తోకలా ఎగిరింది. సుడిగాలి సభ మధ్యకు పాకి, పీట మీది చెంబును గుటుక్కున మింగి, గవాక్షంలోంచి దూసుకుపోయింది.

"విరిగినదే లేకపోతే పుట్టింటి ప్రయాణం ఎక్కడిది రాణీ?" అన్న మాట ఆకాశంలోంచి వినిపించింది.

 సేనాపతి అప్పటికే కత్తి దూశాడు. రాణి వద్దని చెయ్యి ఊపింది.

"విరిగిన వస్తువు వెంట అయితే నా సైన్యం ఏ ఎల్లైనా దాటవచ్చు. ఊరికే దాటితే అది దండయాత్ర. ఏడు రాజ్యాలూ మన మీద పడతాయి. కుర్రవాడా, నన్ను మన్నించు. చెంబు లేనిదే నేను గుమ్మం దాటలేను."

 సభలో అంతమంది తన వైపే చూస్తున్నారు. కింకిణి కాళ్ళు ఎప్పటిలాగే వణికాయి. అయినా ఆమె చెంబు లేని పీట దాకా నడిచింది.

"అమ్మా, మీ చట్టంలో చెంబు అని ఉందా?"

"లేదు. విరిగినది ఏదైనా అని ఉంది. చేసిన చేతుల దగ్గరికి చేర్చాలని ఉంది."

కింకిణి తలపాగా లాగేసింది. తడిజుట్టు నడుము దాకా జారింది.

"నేను కిన్నరయ్యను కాను. నా పేరు కింకిణి. గుణాచారి కూతుర్ని. అమ్మ పోయాక నాకు నీళ్ళు పోసి, జడ వేసి, అన్నం కలిపి పెట్టి నన్ను మనిషిని చేసింది ఆ చేతులే. నాకు ఎక్కడ చీలిందో మీకు చూపించలేనమ్మా. కానీ చీలింది. తీర్పు విన్న నాటి నుంచీ కారుతూనే ఉంది." ఆమె వెళ్ళి ఆ పీట మీద కూర్చుంది. "నన్ను మా నాన్న దగ్గరికి చేర్చండి."

దుబ్బన్న ముక్కు చీదాడు. "ఓరి నా బుర్రా! ఆడపిల్లకు మగవాళ్ళ చెప్పులిచ్చానే!"

రాణి కిరీటం తల మీద పెట్టుకుంది. ఈసారి అది ఒరిగినా సర్దుకోలేదు. పీట దగ్గరికి వచ్చి, చందనం తీసి, కింకిణి నుదుట బొట్టు పెట్టింది.

"భేరి మోగించండి," అంది. "ఆడపిల్ల పుట్టింటికి వెళ్తోంది."

*

ఆవర్తపురం సైన్యం కదిలింది. నాగళ్ళను సాగగొట్టి చేసిన ఈటెలు ఎండలో తళతళలాడాయి. బొంతలు కప్పుకున్న ఏనుగులు పెళ్ళివారిలా ఊగుతూ నడిచాయి. ప్రతి భటుడి నడుముకూ ఒక పక్క కత్తి, ఇంకో పక్క చిన్న సంచి వేలాడుతున్నాయి. సంచిలో సుత్తి, పటకారు, తగరం, నాలుగు మేకులు. ఆ సంచి లేకుండా వాళ్ళు నిద్ర కూడా పోరట. పీట మీద కూర్చోబెట్టిన కింకిణిని నలుగురు మోస్తున్నారు. దిగి నడుస్తానని ఆమె ఎంత బతిమాలినా వినలేదు.

"విరిగినవి నడవవమ్మా. కూర్చో," అన్నాడు దుబ్బన్న.

సైన్యం దాటగల రేవు కోసం కత్తులనది వెంట నడిచి, అమావాస్య తెల్లవారేసరికి మింగుడులోయ ఎదుటి ఒడ్డుకు చేరారు. అవతలి గట్టు మీద మంచు దట్టంగా పరుచుకొని ఉంది. పడవలు దింపబోతుంటే నేల గడగడలాడింది. మంచులోంచి ఏదో లేచింది. కొండ అనుకున్నారు. అది అడుగు వేసింది.

సొట్టపడిన గంగాళాలు దాని మోకాళ్ళు. విరిగిన బండిచక్రాలు దాని భుజాలు. మంచం కోళ్ళు పక్కటెముకలు. చిరిగిన చీరలు వేలకు వేలు జడలు కట్టి వీపు మీద ఎగురుతున్నాయి. నవ్యగిరి వాళ్ళు తరతరాలుగా తిరిగి చూడకుండా విసిరినవన్నీ మింగుడులోయలోంచి లేచి, ఒక్క రాక్షసుడై నిలబడ్డాయి. దాని నెత్తి మీద భస్మకుడు కూర్చొని ఉన్నాడు. దాని కుడి గుప్పిట్లో, గాలిలో వేలాడుతూ, తెల్లటి గడ్డంతో గుణాచారి!

"నాన్నా!"

"కింకీ! రాకే తల్లీ, వెనక్కి పో!" అన్న కేక నది మీదుగా సన్నగా వచ్చింది.

"కొట్టండి!" అని సేనాపతి అరిచాడు.

ఒక్క ఈటె కూడా లేవలేదు. భటులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విరిగిన వస్తువును ఇంకా విరగ్గొట్టడం ఆవర్తపురంలో పుట్టినవాడికి చేతకాదు. చెయ్యి లేవదు. సేనాపతి తన చేతినే చూసుకున్నాడు. అదీ లేవలేదు.

రాక్షసుడు నదిలో కాలు పెట్టాడు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. మొసళ్ళు గట్టెక్కి పరుగు తీశాయి. భస్మకుడి నవ్వు మంచును చీల్చింది.

దుబ్బన్న కత్తి విప్పి కింద పెట్టాడు. రెండో పక్కనున్న సంచి ముడి విప్పి సుత్తి తీశాడు.

"ఏం చేస్తున్నావయ్యా!" అన్నాడు సేనాపతి.

"ఏం చేయాలో తెలిస్తే చెప్పండి దొరా, అదే చేస్తా. తెలియనప్పుడు నాకు వచ్చింది చేస్తా. ఆ ఎడమ మోకాలు చూడండి, ఎంత ఘోరంగా సొట్టపడిందో పాపం!" అంటూ దుబ్బన్న నీళ్ళలోకి దూకాడు. అతని వెనక ఒకడు దూకాడు. ఆ వెనక పదిమంది. సుత్తులు, పటకారులు నోట కరుచుకొని సైన్యమంతా ఈదుతోంది.

కింకిణి పీట మీద నుంచి దూకింది. విరిగినవి నడవవని ఎవరూ ఆమెకు గుర్తు చేయలేదు. నది ఆమెను లాగి, తిప్పి, రాక్షసుడి మీదికి విసిరింది. చేతికి ఏది దొరికితే అది పట్టుకుంది. ఒక పెద్ద వంకరగరిటె. అది వాడి ఎడమ చేతి చిటికెనవేలు.

"విదిలించు! నలిపెయ్!" అని పైనుంచి భస్మకుడు ఆజ్ఞాపించాడు.

రాక్షసుడు చెయ్యి ఎత్తాడు. కింకిణి ఆ గరిటెను రెండు చేతులతో వాటేసుకొని, చెంప ఆనించి, తిరిగి తిరిగి దాని వైపే చూసింది. పారేసిన నాటి నుంచి దాని వైపు చూసిన మనిషి ఒక్కరూ లేరు. కింద మోకాలి దగ్గర టంగు టంగుమని సుత్తి మోగింది, కొట్టడానికి కాదు, సొట్ట తీయడానికి. ఆ కొండంత శరీరంలో గిన్నెలు గలగలమన్నాయి. చక్రాలు సగం అటు తిరిగి, సగం ఇటు తిరిగాయి. ఎత్తిన చెయ్యి విదిలించాలో, పట్టుకోవాలో తేల్చుకోలేక గాలిలోనే నిలిచిపోయింది.

కింకిణి ఆగలేదు. గరిటె మీద కాలు మోపి, మణికట్టులోని పాతగొలుసు అందుకొని, తండ్రి వేలాడుతున్న రెండో చేతి వైపు, చక్రం మీద నుంచి చక్రం మీదికి పాకడం మొదలుపెట్టింది.